గేటు దగ్గర ఆదివారం

2018 వేసవిలో యూదుల క్యాంపులో ఉద్యోగం వచ్చిందని ఫోనులో చెప్పగానే తెనాలిలో ఉన్న మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “హిట్లరు కాలం నాటివి ఇంకా ఉన్నాయా అమ్మాయ్?” అని అడిగింది. నవ్వాను గాని, అందులో ఆవిడ తప్పేమీ లేదు. యూదులు, క్యాంపు అనే రెండు మాటలు మన పాఠ్యపుస్తకాల్లో పక్కపక్కన కనబడేది ఆ ఒక్క ఘోరం గురించి చెప్పినప్పుడే. ఇది పిల్లలు వేసవి సెలవుల్లో వెళ్లి ఉండే చోటని, అక్కడ చెరువు, పడవలు, ఆటలు, పాటలు ఉంటాయని, తల్లిదండ్రులు డబ్బు కట్టి మరీ పంపుతారని వివరించాక ఆవిడ వేసిన రెండో ప్రశ్న మొదటిదానికంటే సూటిగా తగిలింది. “సెలవులిస్తే పిల్లల్ని ఇంటికి తెచ్చుకోవాలి గాని, ఇంట్లోంచి పంపించడమేమిటి?”

అమెరికాలో ఈ క్యాంపులకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చి న్యూయార్కులోని ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టిన కుటుంబాల పిల్లలకు కొద్దిరోజులైనా మంచి గాలి, కడుపునిండా తిండి దొరకాలన్న తలంపుతో తొలినాటి క్యాంపులు పుట్టాయి. 1902లో కోల్డ్ స్ప్రింగ్ అనే ఊళ్లో మొదలైన సర్‌ప్రైజ్ లేక్ క్యాంపు ఇప్పటికీ నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఐరోపాలోని యూదుల విద్యాకేంద్రాలు నేలమట్టం కావడంతో, భాషనూ ఆచారాన్నీ పిల్లలకు అందించే భారం అమెరికా యూదుల మీద పడింది. 1947లో విస్కాన్సిన్ అడవుల్లో మొదలైన రామా క్యాంపు వంటివి హీబ్రూను వేసవి ఆటపాటల్లోనే కలిపి నేర్పాయి. ఇదంతా చెబితే మా అమ్మ ఓపిగ్గా విని, “అయినా సరే” అంది.

నేను పనిచేసిన క్యాంపు పెన్సిల్వేనియా ఈశాన్య మూలన, పొకొనో కొండల వైపు ఉండేది. దాని పేరు ఇక్కడ రాయను. అప్పటికి తొమ్మిదేళ్లుగా న్యూజెర్సీలో ఒక బడిలో సోషల్ వర్కరుగా ఉన్నాను. నాతో పనిచేసే ఒక యూదు ఉపాధ్యాయురాలు, పిల్లల మంచిచెడ్డలు చూడటానికి తమ క్యాంపులో మనిషి కావాలని, నర్సులూ వంటవాళ్లలో యూదులు కానివాళ్లు చాలామందే ఉంటారని చెప్పి నన్ను ఒప్పించింది. ఇంగ్లిషులో నా హోదా క్యాంపర్ కేర్ సూపర్‌వైజర్. హీబ్రూలో యోఎట్సెత్ అనేవారు, అంటే సలహా చెప్పే స్త్రీ. అసలు పని మాత్రం సలహా చెప్పడం కాదు. నాలుగు వందల మంది పిల్లల్లో ఎవరు అన్నం తినడం లేదో, ఎవరు రాత్రి పక్క తడుపుతున్నారో, ఏ బంక్‌లో, అంటే పిల్లలు కలిసి పడుకునే గదిలో, ఎవరిని మిగతావాళ్లు వెలివేశారో కనిపెట్టి, సంగతి నలుగురికీ తెలియకుండా చక్కదిద్దడం.

పక్క తడిపే పిల్లల సంగతే చూడండి. తొమ్మిదేళ్ల కుర్రవాడు తెల్లవారుజామున లేచి, తడిసిన దుప్పటిని మంచం కిందికి తోసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు. అందరూ నాస్తాకు వెళ్లిన ఇరవై నిమిషాల్లో కౌన్సెలరు, అంటే బంక్‌లో పిల్లలను కనిపెట్టుకుని ఉండే మనిషి, ఆ దుప్పటి తీసి, అదే రంగు అదే గీతలున్న మరో దుప్పటి పరిచి, మొదటిది సంచిలో పెట్టి ఆస్పత్రి గది వెనక ఉన్న వాషింగ్ మెషీన్‌కు చేరవేయాలి. ఆ పిల్లవాడు తిరిగివచ్చేసరికి మంచం ఎలా ఉండాలో అలా ఉండాలి. ఎవరూ ఒక్క మాట అనకూడదు, ఓదార్చనూ కూడదు. ఇది చేయవలసిన కౌన్సెలరుకు కూడా పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్లుంటాయి. నిన్నమొన్నటి దాకా వాళ్ల దుప్పట్లు వాళ్లమ్మ ఉతికింది. నా సమయంలో సగం ఈ పెద్ద పిల్లల కోసమే ఖర్చయ్యేదంటే అతిశయోక్తి కాదు. రాత్రి పది దాటాక మెట్ల మీద కూర్చుని, “నాకు ఈ పని చేతకాదు” అని ఏడ్చిన కౌన్సెలర్లు, బెంగ పెట్టుకున్న చిన్నపిల్లలకంటే తక్కువేమీ కాదు.

అక్కడి భోజనశాలను హదర్ ఓఖెల్ అనేవారు. పాలతో చేసిన వంట ఒక పూట, మాంసం వంట మరో పూట. రెండింటికీ గిన్నెలు వేరు, కంచాలు వేరు, గరిటెలు వేరు. మొదటి వారంలోనే నేను పాల పూట చెంచాను మాంసం గిన్నెల అరలో పెట్టి, వంటింటి పర్యవేక్షకుడి చేత చీవాట్లు తిన్నాను. ఆయన గదమాయింపు వింటుంటే, మడి కట్టుకుని వంటింట్లోంచి అరిచే మా అమ్మమ్మ గొంతే వినబడింది. మడిలో పెరిగినవాళ్లకు ఆ వంటిల్లు పెద్ద వింతగా తోచదు. శుక్రవారం పొద్దు వాలక ముందే అందరూ స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకునేవారు, జడలల్లినట్టు అల్లిన హల్లా రొట్టెలు బల్లల మీదికి వచ్చేవి, పాటలు మొదలయ్యేవి. అప్పటి నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచే దాకా షబ్బాత్, యూదుల విశ్రాంతి దినం. ఆ వేళల్లో అక్కడ రాత కూడా నిషిద్ధమే. యూదురాలిని కాను గనుక ఆ నియమం నాకు వర్తించదు గాని, అందరూ కలం ముట్టని చోట నేను అట్ట పట్టుకుని రాసుకుంటూ తిరగడం మర్యాద కాదు. అందుకని చూడవలసిన పిల్లలను, జపం చేసుకునే అమ్మమ్మలాగా, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకునేదాన్ని. చూపుడువేలు మొదటి కణుపు మందులు మింగని పిల్లవాడు, రెండో కణుపు అన్నం మానేసిన పిల్ల.

ఆ వేసవి రెండో విడతలో ఉంగరం వేలు కణుపులు మూడూ ఒకే పిల్లవి. పదేళ్ల పిల్ల, క్యాంపుకు రావడం మొదటిసారి.

రెండో విడత జులై 18న, బుధవారం మొదలైంది. ఆ రోజు సాయంత్రానికే ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఇందులో వింతేమీ లేదు. ఇంగ్లిషువాళ్లు దీన్ని హోమ్‌సిక్‌నెస్ అని ఒక జబ్బుగా చెబుతారు. మనకు బెంగ అనే ఒక్క మాటలోనే దిగులు, జ్వరం, తిండి సయించకపోవడం అన్నీ ఉన్నాయి. క్రిస్టఫర్ థర్బర్ అనే మనస్తత్వవేత్త పిల్లల బెంగ మీదనే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2007లో ఆయన, ఎడ్వర్డ్ వాల్టన్ అనే వైద్యుడితో కలిసి, అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కోసం ఒక నివేదిక రాశారు. ఇంటికి దూరంగా వెళ్లిన పిల్లలకు ఎంతో కొంత బెంగ కలగడం సహజమేనని అందులో చెబుతూ, తల్లిదండ్రులు ఎంతమాత్రం చేయకూడని పని ఒకటుందన్నారు. “నచ్చకపోతే వచ్చి తీసుకెళ్లిపోతాం” అని ముందే మాట ఇవ్వడం. ఆ మాట విన్న పిల్ల అక్కడ కాలూనదు. చెరువులో దిగినా, పాట పాడినా, ఆ మాట చెల్లే రోజు కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. అన్నిటికంటే చేటు, నీవు అక్కడ ఉండగలవని మాకు నమ్మకం లేదు అన్న సంగతి ఆ మాటతో పాటే పిల్ల మనసులో పడిపోతుంది.

గురువారం మధ్యాహ్నం విశ్రాంతి వేళలో ఆ పిల్ల నాకు అసలు విషయం చెప్పింది. బస్సెక్కించే ముందు వాళ్ల నాన్న, “అయిదు రోజులు చూడు. అప్పటికీ నచ్చకపోతే ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను” అన్నాడట. తన పెట్టె సర్దుకునే ఉందని చూపించింది. అడుగున బట్టలు, వాటి మీద బూట్లు, అన్నిటికంటే పైన పళ్లు తోముకునే బ్రష్షు, పొద్దున్నే వాడుకుని మళ్లీ పెట్టేయడానికి వీలుగా.

ఆ బ్రష్షు చూసినప్పుడు నాకు నా ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. ఆరో తరగతిలో నన్ను గుంటూరు జిల్లాలోనే ఒక హాస్టల్లో చేర్చి, గేటు దగ్గర మా నాన్న, “వచ్చే ఆదివారం వస్తాలే, ఏడవకు” అన్నాడు. వచ్చే ఆదివారం పొద్దున నేను పెట్టె సర్దుకుని, తాళం వేసి, తాళంచెవి పుస్తెలతాడులాగా మెడలో వేసుకుని గేటు దగ్గర కూర్చున్నాను. ఆయన దసరాకు వచ్చాడు. మధ్యలో నేను రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలను అక్కడివాళ్లు చదివి, ఏడుపు రాతలు రాయకూడదని రెండింటిని చింపేశారు. అదేమీ కక్షతో చేసింది కాదు, అప్పట్లో పద్ధతే అది. చాలా ఏళ్ల తర్వాత అడిగితే, తను అలా అన్నట్టే గుర్తులేదన్నాడు మా నాన్న. అమ్మకూ గుర్తులేదు.

శుక్రవారం పొద్దున ఆ పిల్ల తండ్రికి ఫోను చేశాను. ఆయనా అదే అన్నాడు. “బస్సు దగ్గర ఏదో ఊరికే అన్నాను. అది పట్టుకుని కూర్చుందా?” మొదట వెంటనే బయల్దేరి వచ్చేస్తానన్నాడు. ఆ తర్వాత, రానని మీరే చెప్పండి అన్నాడు. ఆ రెండోది నేను ఒప్పుకోలేదు. మాట ఇచ్చినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకోవాలి. క్యాంపువాళ్లు అడ్డుపడి నాన్నను రానివ్వలేదని పిల్ల అనుకుంటే, మిగిలిన మూడు వారాలూ మా ఎవరి మాటా నమ్మదు. ఫోనులో దాదాపు గంటసేపు మాట్లాడుకున్నాక ఆయన ఒక ఉత్తరం రాసి పంపుతానన్నాడు. క్యాంపులో పిల్లల దగ్గర ఫోన్లుండవు, తల్లిదండ్రులు పంపిన మెయిళ్లను కాగితం మీద అచ్చు తీసి ఇస్తాం. మధ్యాహ్నం మూడింటికి వచ్చిన ఆ ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. “అలాంటి మాట ఇవ్వడం నాదే తప్పు. ఆదివారం నేను రావడం లేదు. ఆగస్టు 13న బస్సు దగ్గర నిలబడి ఉంటాను. నీకు కష్టంగా ఉందని తెలుసు, నాకూ కష్టంగానే ఉంది.” నేను ఆ ఉద్యోగంలో చదివిన ఉత్తరాలన్నిటిలోకీ ఇది మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పిల్ల మాత్రం చదివి, నాలుగు మడతలు పెట్టి, నా చేతిలో పెట్టేసి, షబ్బాత్ అంతా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇంతలో క్యాలెండరు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. యూదుల పంచాంగంలో ఆవ్ నెల తొమ్మిదో రోజును తిషా బెఆవ్ అంటారు. క్రీస్తుపూర్వం 586లో బాబిలోనియన్లు, క్రీస్తుశకం 70లో రోమన్లు జెరూసలేములోని ఆలయాన్ని కూల్చినందుకు దుఃఖదినం అది. ఆ ఏడాది ఆ తిథి శనివారం పడింది. షబ్బాత్ నాడు సంతాపం పాటించకూడదు కాబట్టి, దాన్ని ఆ రాత్రి నుంచి ఆదివారం రాత్రి దాకా జరుపుకున్నారు. పెద్దలకు ఇరవై అయిదు గంటల ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టరు. తోలు చెప్పులు వేసుకోరు, సరదాకి స్నానం చేయరు, ఎదురుపడితే పలకరించుకోరు. చిన్నపిల్లలకు ఉపవాసం లేదు గాని, ఈతా ఆటలూ ఆ రోజు ఉండవు. బెంగ పెట్టుకున్న పిల్లలను క్షణం తీరిక లేకుండా ఆటల్లో పెట్టండి అని శిక్షణలో మాకు చెప్పిన మందు సరిగ్గా అవసరమైన రోజున మూతపడింది. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. కొత్త పిల్లలు వచ్చి నాలుగు రోజులు కాలేదు, వాళ్లను చీకట్లో నేల మీద కూర్చోబెట్టి ఏడుపు పాటలు వినిపించడమేమిటని డైరెక్టరును అడిగాను కూడా. ఆయన తేదీ తన చేతిలో లేదన్నాడు.

శనివారం రాత్రి చుక్కలు పొడిచాక భోజనశాలలో బల్లలన్నీ గోడల వైపు జరిపారు. దీపాలార్పి కొవ్వొత్తులు వెలిగించారు. నాలుగు వందల మందీ నేల మీద కూర్చున్నారు. ఎయిఖా చదివారు, తెలుగు బైబిలులో విలాపవాక్యములు అని ఉండేది అదే. హీబ్రూలో ఎయిఖా అంటే “ఎలా” అని అర్థం. జనంతో నిండిన నగరం ఎలా ఒంటరిగా కూర్చుందో చూడండి అంటూ మొదలవుతుంది. చదివే రాగం పైకి లేవదు, ప్రతి పాదం చివరా కిందికే దిగిపోతుంది. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి, నా అంచనా తప్పింది. మూడు రోజులుగా మంచంలో మొహం దాచుకుని, ఎవరైనా చూస్తారేమోనని దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చిన పిల్లలు ఆ రాత్రి బాహాటంగా ఏడ్చారు. పక్కనున్నవాళ్లు ఎందుకని అడగలేదు, ఊరుకో అనలేదు. నా ఉంగరం వేలు పిల్ల కూడా మోకాళ్ల మీద తల పెట్టుకుని, వెక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చి, చదవడం పూర్తయ్యేసరికి కౌన్సెలరు ఒళ్లో నిద్రపోయింది. ఇద్దరం కలిసి ఎత్తుకుని బంక్‌కు చేర్చాం.

ఆదివారం పొద్దున నేను ఆస్పత్రి గదిలో ఉండగా వచ్చింది. అక్కడ అప్పటికే హడావుడిగా ఉంది. తిండి విషయంలో మునుపు జబ్బు పడి కోలుకున్న కౌన్సెలర్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లు ఈ రోజు తినడమే ధర్మమని, ప్రాణం తర్వాతే ఉపవాసమని రబ్బీ, అంటే యూదుల మతగురువు, ముందే ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాడు. అందులో ఒకమ్మాయి తలుపు వెనక నిలబడి సగం అరటిపండు తింటోంది. అలవాటు కొద్దీ “గుడ్ మార్నింగ్” అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ పిల్ల పెట్టె తేలేదు. “గేటు దగ్గర కూర్చోవచ్చా?” అని అడిగింది.

నాన్న రావడం లేదు కదా అని అన్నాను. తెలుసంది. తెలిసే అడుగుతున్నానంది.

పుస్తకాల ప్రకారం ఇది కూడని పని. ఎదురుచూపును పెంచి పోషించకూడదు. తర్వాత డైరెక్టరు నన్ను అదే అడిగాడు, నేను గట్టి జవాబేమీ చెప్పలేకపోయాను. అయినా ఆ పొద్దున వాకీటాకీలో కౌన్సెలరుకు కబురు చెప్పి, ఇద్దరం రోడ్డు వైపు గేటు దగ్గరికి నడిచి వెళ్లి, గడ్డి మీద కూర్చున్నాం. కర్ర గేటు, దానికి రంగు పోయిన ఒక ఎర్ర అద్దం, పక్కన ఉత్తరాల డబ్బా. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఆ దారిన పాల ట్యాంకరు ఒకటి, సైకిలు మీద ఒక ముసలాయన, నాలుగో అయిదో కార్లు వెళ్లాయి. ప్రతి కారుకూ ఆ పిల్ల తల ఎత్తి, అది దాటిపోయాక దించేది. దోమలు కుడుతుంటే ఇద్దరం కాళ్లు గోక్కున్నాం. నా ట్రంకుపెట్టె సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అది ఆ పిల్ల ఆదివారం, నాది కాదు.

పదకొండు దాటాక, “చిన్నపిల్లలకి అన్నం పెడతారా ఇవాళ?” అని అడిగింది. పెడతారన్నాను. లేచి, గౌను దులుపుకుని, నా కోసం ఆగకుండా భోజనశాల వైపు నడిచింది. వెనకే వెళ్లి చూస్తే ట్యూనా రొట్టె రెండోది అడిగి పెట్టించుకుంటోంది. నేను ఉపవాసం లేను గాని అందరి మధ్యా తినడానికి మనసొప్పక, సాయంత్రం దాకా నా గదిలో దాచుకున్న బిస్కెట్లతో గడిపాను.

తర్వాత వారమంతా ఏడవలేదని చెప్పను. మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి నా దగ్గరికి వచ్చింది. కానీ శుక్రవారం బంక్‌లోకి వెళ్లినప్పుడు ఆ పెట్టె ఖాళీగా మంచం కింద ఉంది, పళ్ల బ్రష్షు మిగతావాళ్ల బ్రష్షులతో పాటు కిటికీ పట్టె మీద గ్లాసులో ఉంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, రాసుకోనూ లేదు.

షబ్బాత్ ముగిసేటప్పుడు హవ్దాలా అని ఒక చిన్న తంతు ఉంటుంది. ద్రాక్షరసం, అల్లిన కొవ్వొత్తి, వాసన చూడటానికి సుగంధ ద్రవ్యాలు. దుఃఖదినం వచ్చి పడినందున ముందటి శనివారం కొవ్వొత్తి మీద ఆశీర్వచనం ఒక్కటే చెప్పారు, ద్రాక్షరసం ఆదివారం రాత్రికి వాయిదా పడింది, సుగంధాలు లేనే లేవు. కొత్త పిల్లలు పూర్తి హవ్దాలా చూసింది జులై 28న, చెరువు ఒడ్డున. పిల్లలు భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడి పాడుతున్నారు. లవంగాలు, దాల్చినచెక్క వేసిన చిన్న డబ్బా చేతులు మారుతూ వస్తోంది. నేను ఎప్పటిలాగే వలయానికి బయట, చెట్టు కింద నిలబడి, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటున్నాను. వరసలోంచి ఆ పిల్ల బయటికి వచ్చి డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. మా ఇంట్లో పులావు చేసిన రోజు వాసన. ఇంకాసేపు పీల్చబోతే, “త్వరగా” అంది, “వెనక ఇంకా చాలామంది ఉన్నారు.”